గొట్టంలో పెచ్చు

శరణప్ప సారు గొంతు పెంచి మాట్లాడటం జహీరాబాదు అంతకు ముందెన్నడూ వినలేదు. బడిలో ఆయన మాట వెనక బెంచీ దాకా పోయేది కాదు. పిల్లలే ముందుకు జరిగి కూర్చునేవాళ్ళు. అందుకే ఆనాడు సంతలో ఆయన అన్న మాట అంత దూరం పోయింది.

"నాగవ్వ నూనెల కల్తీ ఉన్నది. పిచ్చిగింజలు కలిపి ఆడిచ్చింది. మోటారు ఆగింది ఆ నూనెకే."

నాగవ్వ అక్కడే తన కుండల వెనక కూర్చుని ఉంది. చేతిలో నూనె కొలిచే గిద్దె ఉంది. ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడ్డ కోడలుపిల్ల ఒకతి గిన్నె వెనక్కి తీసుకుంది. నాగవ్వ గిద్దెలోని నూనెను మళ్ళీ కుండలో పోసి, కుండ మూతికి గుడ్డ కట్టింది. ఆ గుడ్డ ముడి వేస్తున్న వేళ్ళను శరణప్ప చూశాడు. చూసి కూడా మాట వెనక్కి తీసుకోలేదు.

ఇదంతా పెట్రోలు దగ్గర మొదలైంది. యుద్ధం వచ్చాక పెట్రోలు చీటీల మీద ఇస్తున్నారు. ఆ ఇచ్చేది బస్సు నడిపే జహూర్ మోటారుకు ఏ మూలకూ చాలేది కాదు. రాయికోడ్ వైపు పల్లెల నుంచి జహీరాబాదు స్టేషనుకు, సంతకు, దవాఖానకు మనుషులను తెచ్చేది ఆ ఒక్క బస్సే. జహూర్ బొగ్గు గ్యాసు డబ్బా కూడా బిగించి చూశాడు. ఎత్తు వచ్చిన చోటల్లా జనం దిగి తోయవలసి వచ్చింది. టికెట్టు కొన్నది కూర్చోవడానికా తోయడానికా అని ఝరాసంగం ముసలాయన ఒకాయన అడిగితే, తోసేవాళ్ళ దగ్గర తక్కువే తీసుకుంటున్నానని జహూర్ జవాబిచ్చాడట.

శరణప్ప తనంతట తానే ముందుకు వచ్చాడు. హైదరాబాదు కాలేజీలో రసాయన శాస్త్రం చదివినవాడు. ఆ చదువంతా ఉర్దూలోనే సాగింది కనుక జహూర్‌కు విషయం చెప్పడం తేలికైంది. నూనెను ఎర్రగా కాలిన ఇనప గొట్టంలోంచి పంపిస్తే ఆ వేడికి అది విరిగి తేలికవుతుంది. ఆవిరై బయటికి వచ్చేదాన్ని నీళ్ళతొట్టిలో చల్లబరిస్తే పెట్రోలు లాంటిది దిగుతుంది. అంతవరకు విని జహూర్, దిగేది మోటారుకు పనికొస్తుందా రాదా అని మాత్రం అడిగాడు.

భార్య శరణమ్మ పోయాక శరణప్ప ఇంటి పెరడు ఊరికే పడి ఉండేది. అక్కడ పొయ్యి కట్టారు. పైన వేలాడదీసిన డబ్బాలోంచి నూనె చుక్కచుక్కగా గొట్టంలోకి దిగేది. ఆ వాసనకు వీధి వీధంతా కళ్ళు నులుముకునేది. సారా కాస్తున్నారేమోనని ఆబ్కారీ జవాన్లు కూడా వచ్చారు. ఒక్కసారి వాసన చూసి, దీన్ని తాగేవాడు ఎవడన్నా ఉంటే వాడికి తామే సలాం కొడతామని చెప్పి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పోయారు. మొదటిసారి జహూర్ మోటారు ఆ నూనె పెట్రోలుతో కోహీర్ దాకా పోయి వచ్చిన రోజున శరణప్ప చాలా కాలం తరువాత రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాడు.

నూనె నాగవ్వది. గాండ్లవాళ్ళ ఇంటి కోడలు. మొగుడు పోయాక ఎద్దును తానే కట్టి, గానుగ తానే ఆడిస్తోంది. ఝరాసంగం నల్లరేగళ్ళలో పండే కుసుమలు ఆమె గానుగకే వచ్చేవి. ఊరి బయట చిన్న దర్గా ఒకటి ఉంది. ఏటా ఉర్సునాడు అక్కడ వెలిగే మొదటి దీపానికి నూనె ఆ గానుగ నుంచే పోవాలి. ఎవరు పెట్టిన ఆచారమో ఎవరికీ గుర్తులేదు. ఉర్సు ముందర నాగవ్వ గానుగ కడిగి, ఎద్దుకు నీళ్ళు పోసి, కొత్త కుసుమలు ఆడించేది. ఆ నూనె కుండను ఆ ఇంటి మగవాళ్ళు నెత్తిన పెట్టుకుని దర్గాకు మోసుకుపోయేవాళ్ళు. మొగుడు పోయినప్పటి నుంచి బావగారు మోస్తున్నాడు.

వేడికి విరిగిన నూనె అంతా ఆవిరి కాదు. కొంత బొగ్గై గొట్టం లోపలి గోడకు పట్టుకుంటుంది, పాలు కాచిన గిన్నె అడుగంటినట్టు. శరణప్ప దాన్ని పెచ్చు అనేవాడు. డబ్బాలో పోసిన నూనె కాగి దిగిన ప్రతిసారీ, అంటే కాపు కాపుకూ, పొయ్యి ఆర్పి, గొట్టం చల్లారాక బిరడా విప్పి, పొడుగాటి ఇనప చువ్వతో దాన్ని గీకి తీయాలి. ఆ నియమం పెట్టింది ఆయనే. గీకడానికి పెద్దగా సేపు పట్టదు. చల్లారడానికే పొద్దు పోయేది.

ఉర్సు దగ్గరపడింది. అదే సమయానికి పత్తి కూడా సంతకు వస్తోంది. జహూర్ ఇంకో ట్రిప్పు, ఇంకో ట్రిప్పు అన్నాడు. ఇంకొక్క కాపు దించి గీకుదాంలే అనుకున్నాడు శరణప్ప. తరువాతి కాపుకూ అదే అనుకున్నాడు. పెచ్చు మందమైతే పొయ్యి వేడి నూనె దాకా చేరదు. నూనె సగం సగం విరిగి చిక్కగా దిగుతుంది. అది చూసి ఆయన మంట పెంచాడు. మంట పెంచితే పెచ్చు ఇంకా పెరుగుతుంది. ఇది ఆయనకు తెలియని సంగతి కాదు. ఆ కొన్ని రోజులు దాన్ని పక్కన పెట్టాడు, అంతే.

చిక్కగా దిగిన నూనె మోటారులోకి పోయింది. సంత రోజున రైలు అందుకోవలసిన పెళ్ళివారితో సహా మోటారు దారిలో ఆగిపోయింది. పెళ్ళివారు పెట్టెలు నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేసరికి రైలు పోయింది. వాళ్ళు జహూర్‌ను సంత మధ్యలో పట్టుకున్నారు. జహూర్ మోటారులోంచి తీసిన నల్లటి జిగురును వేలికి అంటించుకుని వచ్చి, అందరి ముందూ శరణప్పకు చూపించి, "ఇదేంది మాస్టర్ సాబ్?" అని అడిగాడు. ఊరి కళ్ళన్నీ ఒక్కసారి తన మీద పడ్డాయి. ఆ క్షణంలో ఆయన నోటికి వచ్చింది నాగవ్వ పేరు.

తరువాత జరిగినవన్నీ ఎవరూ గట్టిగా మాట్లాడకుండానే జరిగాయి. నాగవ్వ కుండల ముందు ఆగినవాళ్ళు నూనెను వేలితో తీసి వాసన చూసి, మళ్ళీ వస్తామని పోయారు. కొన్నాళ్ళకు ఆగడం కూడా మానేశారు. ఉర్సుకు నూనె కుండ ఈసారి తాను మోయనని బావగారు చెప్పేశాడు. దర్గా పెద్ద అక్రం సాబు మర్యాద తెలిసిన మనిషి. ఈ ఏడు నాగవ్వకు శ్రమ ఇవ్వదలచుకోలేదని మాత్రం కబురు పంపి, కోహీర్ గానుగకు నూనె చెప్పించాడు. చదువుకున్న సారు ఊరికే అంటాడా అన్నది అందరి మాట.

కోహీర్ నూనెనే శరణప్ప కూడా తెప్పించాడు. కమ్మరి దగ్గర కొత్త గొట్టం చేయించాడు. కొత్త గొట్టం, కొత్త నూనె కనుక గీకవలసిన పని ఉండదని తనకు తాను చెప్పుకున్నాడు. మంట మునుపటిలాగే పెట్టాడు. కొన్ని కాపులు బాగానే దిగాయి. ఆ తరువాత గొట్టం మూసుకుపోయింది. కమ్మరి దాన్ని నిలువునా రెండుగా కోసి ఆయన ముందు పెట్టాడు. లోపల పెచ్చు నల్లగా మెరుస్తూ, పొర మీద పొరగా ఉంది. మధ్యలో వేలు దూరేంత సందు కూడా మిగల్లేదు. పాత గొట్టంలో ఉన్నదీ, ఇదీ పక్కపక్కన పెడితే ఏది ఏ నూనెదో ఆయన కూడా చెప్పలేడు.

ఇంట్లో నాగవ్వ నూనె డబ్బాలో అడుగున కొంత మిగిలి ఉంది. పాత గొట్టాన్ని శుభ్రంగా గీకి, మంట తగ్గించి, ఆ నూనెను పోశాడు. కాపు అయ్యాక ఆర్పి, చల్లారనిచ్చి, గీకి, మళ్ళీ పోశాడు. సీసాలోకి దిగింది పలచగా, లేత పసుపు రంగులో ఉంది. పెరట్లో నిలబడి ఆ సీసాను ఎండకు పట్టి చూస్తూ ఉండిపోయాడు. సంతలో నిలబడ్డప్పుడే ఈ సంగతి తనకు సగం తెలుసు. ఆ మిగిలిన సగం తెలుసుకోవడానికి ఇన్నాళ్ళు తీసుకున్నాడు. ఆ ఇన్నాళ్ళూ ఆమె గుడ్డ కట్టిన కుండల ముందు కూర్చుని ఉంది.

శరణమ్మ పోయిన రోజు తలదగ్గర పెట్టిన దీపానికి నూనె తెచ్చింది నాగవ్వే. ఎంత ఇవ్వమంటావని అడిగితే, ఆ దీపానికి తాను నూనె అమ్మనని వెళ్ళిపోయింది. అది గుర్తుకు వచ్చి శరణప్ప సీసాను కింద పెట్టేశాడు.

ముందుగా జహూర్‌కు చెప్పాడు. మోటారు కింద పడుకుని ఏదో బిగిస్తున్న జహూర్ అంతా విని, కాసేపటికి బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. కోప్పడతాడనుకున్నాడు శరణప్ప. జహూర్ కోప్పడలేదు.

"నాకు జెప్తే ఏం లాభం మాస్టర్ సాబ్," అన్నాడు. "మీరు అన్నది నా చెవుల కాదు గద. సంతల అన్నరు."

మళ్ళీ సంత వచ్చింది. శరణప్ప బట్టల దుకాణాల దగ్గర, మిర్చి కుప్పల దగ్గర, ఎడ్ల బజారులో ఆగి ఆగి, మనిషి మనిషికీ చెప్పాడు. తప్పు నూనెది కాదు, గొట్టం గీకని తనది, నాగవ్వ నూనె మంచిది అని. జనం శ్రద్ధగా విన్నారు, తలలు ఊపారు. ఆయన అటు తిరగగానే, సారు ఎంత మంచి మనిషి, ముసలామె బతుకు పోతుందని తప్పు తన మీద వేసుకుంటున్నాడు అన్నారు. ఆ మాట సగం ఆయన చెవిన పడనే పడింది. చెడు అన్నప్పుడు వెంటనే నమ్మిన ఊరు మంచి చెబితే నమ్మలేదు. పైగా దానికి ఆయనకే పుణ్యం కట్టబెట్టింది. నాగవ్వ కూర్చునే చోటు ఆ రోజు ఖాళీగా ఉంది. పక్కన గాజులమ్మే ఇమామ్ బీ తన గాజుల బుట్టను ఆ చోటులోకి జరపకుండా, కాస్త ఇవతలే పెట్టుకుని కూర్చుంది. శరణప్ప అది గమనించాడు. ఊళ్ళో ఒక్కరైనా ఆమె చోటు ఆమెకు ఉంచారు.

కోసిన గొట్టం ముక్కను గోనెసంచిలో చుట్టుకుని నాగవ్వ ఇంటికి పోయాడు. గానుగ ఆగి ఉంది. ఎద్దు నీడలో పడుకుని నెమరు వేస్తోంది. నాగవ్వ వాకిట్లో ఖాళీ కుండలు బూడిదతో తోముతోంది. ఆయనను చూసి లేచి చేయి కడుక్కుంది, పీట వేసింది, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఆయన చెంబును పక్కకు జరిపాడు.

సంచి విప్పి గొట్టం చూపించాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇది కోహీర్ నూనెది, ఇందులోనూ అంతే పెచ్చు ఉంది, తప్పు మంటది, మంట పెట్టిన తనది అన్నాడు. ఆమె గొట్టాన్ని ముట్టుకోలేదు.

"సంతల గూడ చెప్పినవంట గద. విన్న."

"ఎవరూ నమ్మలే అక్కా."

"ఎట్ల నమ్ముతరు సారు? అనేటప్పుడు గట్టిగ అన్నవ్. ఇప్పుడు బళ్ళె పాఠం జెప్పినట్ల మెల్లగ చెప్పవడ్తివి."

ఆయన తల ఎత్తలేదు. ఎద్దు మెడలో గంట ఒకసారి కదిలింది. నాగవ్వ గానుగ వైపు చూస్తూ అన్నది:

"మా ఇంటాయన పోయినంక గూడ మైలదినాలు గాంగనే ఎద్దును గట్టిన. అప్పుడాగని గానుగ నీ మాటకాగింది."

శరణప్ప గొట్టాన్ని సంచిలో చుట్టి, మళ్ళీ నూనె ఇమ్మని అడిగాడు. అడుగుతుంటే తన మాట తనకే సిగ్గనిపించింది.

"దీపానికి పనికిరాని నూనె మోటారుకెందుకు సారు?"

"ఈసారి పొయ్యి మా పెరట్ల పెట్ట. సంతల పెడ్త, నీ జాగ పక్కన. కాపు కాపుకు అందరి ముంగట గీకుత. మోటారు అందరి ముంగటనే నడుస్తది."

"నీ బట్టలు ఖరాబైతయ్."

"కానియ్యి."

నాగవ్వ ఆయనను ఎగాదిగా చూసింది. ఆ చూపులో దయ ఉందో లేదో ఆయనకు తెలియలేదు. లోపలికి పోయి నిండు కుండ తెచ్చి, గుడ్డ చుట్టకుదురు చేసి ఆయన చేతిలో పెట్టింది.

"అట్లయితే నువ్వే మోసుకపో. మా బావ మొయ్యనన్నడు."

శరణప్ప కుండ నెత్తిన పెట్టుకుని బజారు గుండా ఇంటికి నడిచాడు. చదువు చెప్పే సారు నూనె కుండ మోస్తుంటే దుకాణాల వాళ్ళు కూర్చున్నచోటి నుంచి లేచి చూశారు. నూనె చెవి పక్కనుంచి కారి చొక్కా మీద పడింది. మెడ నిలబెట్టి నడవడం ఎంత కష్టమో ఆయనకు అప్పుడు తెలిసింది. ఆమె బావగారు ఇంతకాలం ఎంత తేలికగా మోశాడో అనుకున్నాడు.

తరువాతి సంత ఉర్సు ముందరిది. ఎప్పుడూ లేనంత జనం. నాగవ్వ కుండలతో వచ్చి తన చోటులో కూర్చుంది. శరణప్ప ఆ పక్కనే పొయ్యి రాజేశాడు, డబ్బా కట్టాడు, గొట్టం పెట్టాడు. కళ్ళు మండే పొగ లేవగానే పక్కనున్న ఉల్లిగడ్డలవాడు తన ఉల్లిగడ్డలే నయమని సర్దుకుని దూరం జరిగాడు. సారు బొగ్గు బట్టీ పెట్టాడని ఎవరో అన్నారు. నవ్వారు. నవ్వినవాళ్ళు చూడటానికి నిలబడ్డారు. మొదటి కాపు దిగింది. శరణప్ప మంట ఆర్పి, గొట్టం చల్లారేదాకా అందరి మధ్యా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడమే కష్టం. చేయడానికి ఏమీ లేదు, దాక్కోవడానికి చోటు లేదు. తరువాత బిరడా విప్పి చువ్వ పెట్టి గీకాడు. బొగ్గు పెళ్ళలుగా రాలి ఆయన ఒడిలో, మోచేతుల మీద, మొహం మీద పడింది.

అప్పుడు ఆయన లేచి నిలబడి గొంతు పెంచాడు. రెండోసారి.

"ఈ నూనె నాగవ్వది. ఈ బొగ్గు నాది. గీకవలసింది నేను గీకలే. గీకక, నా తప్పు ఆమె మీద వేసిన. నేనన్నది అబద్ధం."

ఇమామ్ బీ తన గాజుల బుట్ట మీదుగా ఆయన మొహాన్ని పరీక్షగా చూసింది.

"నిజమే జెప్తున్నడు," అన్నది. "అబద్ధానికి ఇంత నల్లగ ఎవ్వడు కాడు."

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. జహూర్ సీసాలను ఒక్కొక్కటి ఎత్తి జనానికి చూపించి మోటారులో పోశాడు. మోటారు దగ్గి, నిలదొక్కుకుని, మనుషులను ఎక్కించుకుని రాయికోడ్ దారి పట్టింది. సంత విడిపోక ముందే తిరిగి వచ్చి అదే చోట ఆగింది. దిగినవాళ్ళలో ఒక్కరికీ తోయవలసిన పని పడలేదు. ఇమామ్ బీ చిన్న గిన్నె పట్టుకుని వచ్చి నాగవ్వ ముందు పెట్టింది. ఆమె తరువాత ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. అందరూ రాలేదు. అందరూ రావడానికి ఇంకా చాలా సంతలు పడతాయని శరణప్పకు అర్థమైంది.

అక్రం సాబు కూడా గుంపు వెనక నిలబడి అంతా చూశాడు. శరణప్ప ఆయన దగ్గరికి పోయి దర్గా దీపం గురించి అడిగాడు. అక్రం సాబు గడ్డం నిమురుకున్నాడు. కోహీర్ నూనె వచ్చేసిందన్నాడు. ఆ గానుగవాడు ఉపవాసం ఉండి తెచ్చాడని, దేవుడి పేరు మీద తెచ్చింది తిప్పి పంపలేనని చెప్పాడు. తాను కూడా ఆమెను ఒక్క మాట అడగకుండానే కబురు పంపానని, ఆ తప్పు తనదేనని అన్నాడు.

ఉర్సు సాయంత్రం గంధం ఊరేగింపు వచ్చింది. మొదటి దీపం కోహీర్ నూనెతోనే వెలిగించారు. నాగవ్వ గుమ్మం బయట ఆడవాళ్ళ మధ్య నిలబడి చూసింది. శరణప్ప ఆమెకు కొంచెం వెనకగా నిలబడ్డాడు. దీపం చక్కగా, పొగ లేకుండా వెలిగింది. ఆయనకు కష్టం కలిగించింది అదే. తన మాటకు ఊరూ ఉర్సూ ఆగలేదు. ఆమె గానుగ ఒక్కటే ఆగింది.

కాసేపటికి అక్రం సాబు తానే బయటికి వచ్చాడు. చేతిలో ఖాళీ ప్రమిద ఉంది. చెప్పులు విడిచే మెట్టు దగ్గర చీకటిగా ఉందని, అక్కడ ఒక దీపం కావాలని నాగవ్వతో అన్నాడు. ఆమె కొంగు కింద దాచి తెచ్చుకున్న చిన్న చెంబు బయటికి తీసింది. పిలుస్తారని తెలియకుండానే ఆమె నూనె తెచ్చిందని శరణప్పకు అప్పుడే తెలిసింది. ప్రమిద నిండా పోసి వత్తి వెలిగించింది. వచ్చేపోయేవాళ్ళు ఆ వెలుగులో తమ చెప్పులు వెతుక్కున్నారు.

"పెద్దదీపం పోయింది సారు," అన్నది నాగవ్వ, ఆయన వైపు తిరగకుండా. "వచ్చే ఏడు సూడాలె."

"అవునక్కా."

సంతలో అంటిన మసి ఆయన చేతులకు ఇంకా పోలేదు. నాగవ్వ కొంగు ముడి విప్పి, నూనె తీయగా మిగిలిన గానుగ పిండి ఒక పిడికెడు ఆయన దోసిట్లో పోసింది. నూనె మరకకూ మసికీ అదే మందు. మెట్టు పక్కన ఉన్న నీళ్ళ కుండలోంచి ముంచి ఆమె పోస్తుంటే ఆయన పిండితో చేతులు రుద్దుకున్నాడు. నల్లటి నీళ్ళు రాళ్ళ సందులోకి పారాయి. అరచేతులు తెల్లబడ్డాయి. గోళ్ళలో నలుపు మాత్రం పోలేదు. ఆయన ఒక్కొక్క గోరూ రుద్దుతూ ఉండిపోయాడు.

"అది పోదు," అన్నది నాగవ్వ. "వచ్చే సంత దాక ఉండనియ్యి. మళ్ళ గీకేదే గద."

చెంబు పక్కన పెట్టి, దీపం వత్తి కొంచెం ముందుకు జరిపింది.